గృహోపకరణాల రీసైక్లింగ్ చట్టం (జపాన్)

గృహోపకరణాల రీసైక్లింగ్ చట్టం జపాన్ దేశంలో పాతబడిన పెద్ద విద్యుత్ ఉపకరణాలను వాటిని అమ్మిన దుకాణదారులే తిరిగి తీసుకొని తయారీదారులకు అప్పగించవలెనని నిర్దేశించే చట్టము. జపాన్ భాషలో దీనిని వాడుకగా "కాదెన్ రిసైకురు హో" అంటారు. 1998లో ఆమోదం పొందిన ఈ చట్టం 2001 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. వస్తువును వదిలించుకునే సమయంలో వినియోగదారుడే రుసుము చెల్లించడం దీని ప్రత్యేకత. దీనిపై వచ్చిన వివాదాలలో ముఖ్యమైనదానికి మూలం కూడా అదే.

నేపథ్యం

జపాన్‌లో ఇళ్ళలోని చెత్తను సేకరించడం స్థానిక పురపాలక సంస్థల పని. రిఫ్రిజిరేటర్ల వంటి వస్తువులు బరువైనవి, దృఢమైనవి. చెత్తను కాల్చే కొలిములకు, మామూలు యంత్రాలకు ఇవి లొంగవు. అందువలన కొంత ఇనుమును వేరుచేసి, మిగిలినదానిలో అధిక భాగాన్ని భూమిలో పూడ్చేవారు. కొండలు ఎక్కువగా ఉండి మైదానాలు తక్కువైన ఆ దేశంలో పూడ్చడానికి తగిన స్థలం కరవైంది. మరోవైపు, కొత్త వస్తువును ఇంటికి చేర్చినప్పుడు పాతదానిని దుకాణంవారే తీసుకుపోవడం అక్కడ అప్పటికే ఉన్న అలవాటు. చట్టం ఆ అలవాటునే బాధ్యతగా మార్చింది.

పరిధి

మొదట ఎయిర్ కండిషనర్లు, టీవీలు, రిఫ్రిజిరేటర్లు, వాషింగ్ మెషీన్లు మాత్రమే ఈ చట్టం పరిధిలో ఉండేవి. 2004లో ఫ్రీజర్లను, 2009లో ఎల్‌సీడీ, ప్లాస్మా టీవీలను, బట్టలు ఆరబెట్టే యంత్రాలను చేర్చారు. పేరు విస్తృతంగా ఉన్నప్పటికీ ఇస్త్రీపెట్టెలు, మిక్సీలు, సెల్‌ఫోన్లు దీని కిందికి రావు. చిన్న ఉపకరణాల కొరకు వేరొక చట్టం 2013 ఏప్రిల్ నుండి అమలులో ఉన్నది. 2020 టోక్యో ఒలింపిక్స్ పతకాలను ప్రజల నుండి సేకరించిన ఇటువంటి చిన్న పరికరాలలోని లోహాలతోనే తయారుచేశారు.

దుకాణదారుని బాధ్యత

రెండు సందర్భాలలో దుకాణదారుడు పాత వస్తువును తీసుకోక తప్పదు. ఒకటి, అది తాను గతంలో అమ్మినదైనప్పుడు. రెండు, కొనుగోలుదారుడు అదే రకం కొత్త వస్తువును తన వద్ద కొంటున్నప్పుడు. రెండవ సందర్భంలో పాతది ఎక్కడ కొన్నది, ఏ కంపెనీది అనే ప్రశ్న లేదు. ఊరు మారినందువలన గాని, దుకాణం మూతపడినందువలన గాని ఈ రెండింటిలోకీ రానివారు తపాలా కార్యాలయంలో రుసుము చెల్లించి, వస్తువును స్వయంగా సేకరణ కేంద్రానికి చేర్చవచ్చును.

రుసుము రెండు భాగాలు. రీసైక్లింగ్ రుసుమును తయారీదారుడు, రవాణా రుసుమును దుకాణదారుడు నిర్ణయిస్తారు. చట్టం అమలైన తొలినాళ్ళలో ప్రధాన కంపెనీల రీసైక్లింగ్ రుసుము ఎయిర్ కండిషనరుకు 3,500 యెన్లు, టీవీకి 2,700, రిఫ్రిజిరేటరుకు 4,600, వాషింగ్ మెషీనుకు 2,400 యెన్లు (పన్ను అదనం). తరువాత ఈ రేట్లు పలుమార్లు మారాయి.

డబ్బు చెల్లించినవారికి "రీసైక్లింగ్ టికెట్" నకలు ఇస్తారు. ఈ పథకంలో అన్నిటికంటే ఉపయోగకరమైనది బహుశా ఈ చిన్న కాగితమే. దానిపై ఉన్న సంఖ్య ద్వారా తన వస్తువు నిజంగా తయారీదారునికి చేరినదో లేదో వినియోగదారుడు తెలుసుకోవచ్చును. రుసుము తీసుకొని, వస్తువును పాత సామానుల వ్యాపారులకు మళ్ళించిన దుకాణాలు కూడా ఉన్నందున ఈ ఏర్పాటు అనవసరమైనదని చెప్పలేము.

కర్మాగారంలో

తయారీదారులు రెండు బృందాలుగా ఏర్పడి కర్మాగారాలను నడుపుతున్నారు. రెండు బృందాల సేకరణ కేంద్రాలను 2009 అక్టోబరు నుండి ఉమ్మడి చేశారు. కర్మాగారంలో ముందుగా కార్మికులు చేతులతో మోటార్లను, కంప్రెసర్లను, తీగలను విడదీస్తారు. ఎయిర్ కండిషనర్లు, రిఫ్రిజిరేటర్లలోని శీతలీకరణ వాయువులను గాలిలోకి వదలకుండా పట్టి ఉంచడం తప్పనిసరి. రిఫ్రిజిరేటరు గోడలలోని నురుగు పొరలోనూ ఇటువంటి వాయువులు చిక్కుకొని ఉంటాయి. పాత టీవీల పిక్చర్ ట్యూబులో ముందువైపు గాజును, సీసం కలిసిన వెనుకవైపు గాజును వేరుచేయవలసి ఉంటుంది. ఆ తరువాతనే మిగిలిన భాగాలు ముక్కలు చేసే యంత్రాలకు చేరుతాయి. బరువులో ఇంత శాతం తిరిగి ఉపయోగంలోకి రావాలని చట్టం నిర్దేశించింది. ఎయిర్ కండిషనర్లకు మొదట 60 శాతంగా ఉన్న ఈ పరిమితి 2015లో 80 శాతమైంది.

ఖర్చు ఎవరిది?

ఐరోపా సమాఖ్య 2002లో చేసిన ఆదేశం ప్రకారం పాత వస్తువును అప్పగించే గృహస్థు ఏమీ చెల్లించనవసరం లేదు. ఖర్చు తయారీదారులదే, అనగా చివరకు కొత్త వస్తువు ధరలో కలిసిపోతుంది. జపాన్ పద్ధతిలో ఖర్చు ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది. కాని పారవేయడానికి డబ్బు అడిగితే దొంగచాటుగా పారవేసేవారు కూడా ఉంటారు. చట్టం వచ్చిన తొలి సంవత్సరాలలో అడవులలో, రోడ్ల పక్కన వదిలేసిన ఉపకరణాల సంఖ్య పెరిగింది. వాటిని తొలగించే భారం తిరిగి పురపాలక సంస్థలపైనే పడింది. మైకులతో వీధుల్లో తిరుగుతూ ఉచితంగా తీసుకుంటామని చెప్పే అనుమతి లేని లారీలు మరొక సమస్య. జపాన్ ప్రభుత్వమే 2003 అక్టోబరు నుండి అమ్మిన గృహ కంప్యూటర్లకు, 2005 నుండి కార్లకు ముందస్తు చెల్లింపు పద్ధతిని అనుసరించింది. గృహోపకరణాలకు మాత్రం, చర్చలు జరిగినా, పాత పద్ధతే కొనసాగుతున్నది.

భారతదేశంలో పరిస్థితి ఇందుకు భిన్నమైనది. ఇక్కడ పాత సామానులు కొనేవాడు గృహస్థునికే డబ్బు ఇస్తాడు. దుకాణాలలోని ఎక్స్ఛేంజ్ పథకాలలోనూ పాతదానికి కొంత ధర కడతారు. కనుక రుసుము చెల్లించి వస్తువును అప్పగించమంటే ఒప్పుకునేవారు అరుదు. 2012 మే 1 నుండి అమలైన ఈ-వ్యర్థాల నిబంధనలు గాని, వాటి స్థానంలో 2016లో, ఆపై 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినవి గాని బాధ్యతను ప్రధానంగా తయారీదారులపైనే ఉంచాయి.