వార్తల్లో పదం: ఆప్టికల్ ట్రాన్సీవర్

ఊళ్లకు ఫైబర్ ఇంటర్నెట్ తెచ్చే భారత్‌నెట్, టీ-ఫైబర్ పథకాల వార్తల్లో తరచూ తగిలే మాట ఇది. నెట్‌వర్క్ స్విచ్‌లో దూర్చే వేలెడంత పరికరమే ఆప్టికల్ ట్రాన్సీవర్. పనివాళ్ల నోట ‘ఎస్‌ఎఫ్‌పీ’. కరెంటు సంకేతాన్ని లేజర్ వెలుగుగా మార్చి ఫైబర్‌లోకి పంపుతుంది, అటునుంచి వచ్చిన వెలుగును మళ్లీ కరెంటు సంకేతంగా మారుస్తుంది.

ఎంపికలో మొదట చూడాల్సింది దూరం. భద్రాచలం నుంచి పర్ణశాల సుమారు 35 కిలోమీటర్లు. ఈ దూరానికి 10 కిలోమీటర్ల రకం పనికిరాదు, 40 కిలోమీటర్లది కావాలి. అది కూడా అంచుల్లోనే! అడవి రోడ్డు వెంట కేబుల్ మలుపులు తిరుగుతుంది. తెగిన ప్రతిచోటా అతుకు పడుతుంది, అతుకు అతుకుకీ కొంత వెలుగు పోతుంది. 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యపు కాంతి కిలోమీటరుకు సుమారు 0.35 డెసిబెల్ నష్టపోతే, 1550 కాంతి దాదాపు 0.2 మాత్రమే. ఎక్కువ దూరాలకు రెండోదే మేలు.

అలాగని పెద్దదే కొందామనుకుంటే పొరపాటు. పక్క గ్రామ పంచాయతీకి 80 కిలోమీటర్లది బిగిస్తే, వెలుగు ఎక్కువై అవతలి రిసీవర్ దెబ్బతినొచ్చు. రెండు చివర్లా వేగం ఒకటే ఉండాలి. ఒకే పోగు మీద రెండువైపులా నడిచే రకమైతే ఒకరు పంపే తరంగదైర్ఘ్యాన్నే రెండోవారు అందుకోవాలి.

ఊళ్లో నెట్ ఆగితే ప్రతిసారీ కేబుల్ తెగినట్టు కాదు, ఈ చిన్న ముక్క పాడైనా అంతే. మీ పంచాయతీ ఆఫీసులో ఇది బిగించిన స్విచ్ పెట్టె ఉంటే పోర్టులోకి కన్ను పెట్టి చూడకండి. ఆ లేజర్ కంటికి కనబడదు.