అటక మీది అదృష్టం

తొలకరి వాన పడిందంటే చాలు, మన పక్కనున్న కర్నూలు జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి చేలకు జనం బయలుదేరుతారు. నడుం వంచి, మట్టిలో మెరిసే రాయి కోసం పొద్దుగూకే దాకా వెతుకుతారు. వజ్రం దొరికితే ఆ వార్త పేపర్లో పడుతుంది. దొరకనివాడు సద్ది మూట విప్పుకొని చెట్టు కింద కూర్చుంటాడు. గోస్పాడు నల్లరేగడిలో వజ్రాలు లేవు గానీ, ఇక్కడి ఇళ్ల అటకల మీదా, నంద్యాల పాతసామాన్ల కొట్లలోనూ మరో రకం వేట నడుస్తోంది. అది పాత టీవీ గేముల వేట. వేటగాళ్లం తక్కువమందిమే, అందులో నేనొకణ్ణి.

ఇప్పుడు నలభై దాటిన అధ్యాపకులకు ఈ వస్తువును వేరే పరిచయం చేయనక్కర లేదు. టీవీకి తగిలించే పెట్టె, రెండు రిమోట్లు, ఒక తుపాకీ, పైన గుచ్చే పసుపు రంగు క్యాసెట్. మారియో, కాంట్రా, ట్యాంకు, బాతుల వేట. కాంట్రాలో ముప్పై ప్రాణాలు తెప్పించే మీటల వరస ఎక్కాల కంటే ముందు నేర్చినవాళ్లు మనలో ఎందరో! ఇప్పటి విద్యార్థులకు మాత్రం కొంచెం చెప్పాలి.

ఈ పెట్టెకు మూలపురుషుడు జపాన్‌లో నింటెండో కంపెనీ 1983 జూలై 15న విడుదల చేసిన 'ఫ్యామిలీ కంప్యూటర్'. దాన్నే ముద్దుగా ఫ్యామికామ్ అన్నారు. దాని క్యాసెట్‌కు 60 పిన్నులు. 1985లో అదే యంత్రం వేషం మార్చుకొని అమెరికాకు వెళ్లినప్పుడు 72 పిన్నుల క్యాసెట్ అయింది. మన దేశానికి నింటెండో నేరుగా రాలేదు. తైవాన్‌లోనూ, తర్వాత చైనాలోనూ తయారైన నకళ్లు వచ్చాయి. మీడియా వంటి పేర్లతో అవే మన ఇళ్లలో చేరాయి. చాలా వరకు 60 పిన్నులవే. 1995లో షా వాలెస్ సంస్థ ద్వారా సెగా కంపెనీ యంత్రాలు అధికారికంగా దిగాయి గానీ, ఆ ధర మామూలు ఇంటికి అందేది కాదు. అందుచేత మన ప్రాంతంలో దొరికే పాత గేముల్లో చాలా భాగం నకళ్లే. '9999999 ఇన్ 1' అని రాసి ఉన్న క్యాసెట్ తీస్తే లోపల పట్టుమని పాతిక ఆటలుండవు. అవే తిరిగి తిరిగి వస్తుంటాయి. వాటికి జ్ఞాపకాల విలువే తప్ప బజారు విలువ లేదు.

మరి బజారు విలువ దేనికి? పాతదైతే చాలుననుకుంటారు చాలామంది. అది పొరపాటు. మారియో మొదటి క్యాసెట్ 1985 నాటిది, కానీ కోట్లలో అచ్చయింది. అరుదు అనేది వయసుతో రాదు, ఏదో ఒక ప్రమాదంతో వస్తుంది. దీనికి 'స్టేడియం ఈవెంట్స్' కథ మంచి ఉదాహరణ. బందాయ్ కంపెనీ 1987లో అమెరికాలో వేసిన పరుగుపందెం ఆట అది. నేల మీద చాప పరిచి, దాని మీద నిజంగా పరుగెత్తి ఆడాలి. ఆ చాప హక్కులను నింటెండో కొనేసి, ఆటకు వేరే పేరు పెట్టి మళ్లీ విడుదల చేసింది. పాత పేరుతో ఉన్న పెట్టెలు కొట్ల నుంచి వెనక్కి పోయాయి. ఆలోపు అమ్ముడుపోయిన కొద్దే లోకంలో మిగిలాయి. 2013లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒకామె పాతవస్తువుల దుకాణంలో దీన్ని 8 డాలర్లకు ఒక సెంటు తక్కువగా కొని, 25 వేల డాలర్లకు అమ్మింది. ఆమె గెలిచింది అదృష్టంతో మాత్రమే కాదు, ఆ పేరు ఆమెకు ముందే తెలుసు. పక్కన నిలబడి అదే అర చూసినవాళ్లకు అది ఉత్త ప్లాస్టిక్ డబ్బా.

దీనికి తలకిందుల కథ కూడా ఉంది. అటారి కంపెనీ 1982లో 'ఈ.టి.' సినిమా మీద ఆట తీసి చేతులు కాల్చుకొంది. అమ్ముడుపోని సరుకును 1983లో న్యూమెక్సికోలోని అలమొగోర్డో చెత్తదిబ్బలో పూడ్చిపెట్టారు. 2014 ఏప్రిల్‌లో తవ్వితే దాదాపు 1300 క్యాసెట్లు బయటపడ్డాయి. అందులో కొన్నింటిని ఆ ఊరి పురపాలక సంఘం అమ్మితే లక్ష డాలర్ల పైనే వచ్చింది. పనికిరాదని పాతిపెట్టిన చెత్తకు, పాతిపెట్టినందువల్లే ధర వచ్చిందన్నమాట! 2021 జూలైలో, సీలు విప్పని 'సూపర్ మారియో 64' ఒకటి వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లు పలికింది. ఆ లెక్కలు నాకు అర్థం కావు. ఆడని ఆట ఎవరికోసమో?

మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో గురువారాల జుమేరాత్ బజారులో, ఆదివారాల ఎర్రగడ్డ సంతలో ఓపికగా తిరిగేవాళ్లకు ఏదో ఒకటి దొరుకుతుంది. అక్కడ అమ్మేవాళ్లకూ ఫోన్లున్నాయి, ధరలు చూసుకుంటారు. మన పల్లెల్లో అసలైన సరుకు దొరకడానికి వేరే కారణం ఉంది. అది కువైటు. కడప వైపు నుంచీ, మన సరిహద్దు ఊళ్ల నుంచీ గల్ఫ్‌కు పోయినవాళ్లు సెలవుల్లో వచ్చేటప్పుడు టేప్‌రికార్డర్లూ, వీసీఆర్‌లతో పాటు పిల్లలకు గేములూ తెచ్చేవారు. ఆ పిల్లలు పెద్దవాళ్లయినారు, పెట్టెలు అటకెక్కినాయి.

అటువంటి పెట్టె ఏదైనా మీ కంటబడితే ఏం చూడాలి? చేత్తో ఎత్తి చూడండి. నకలు తేలిగ్గా ఉంటుంది. వీలైతే మరలు విప్పండి. నకలు క్యాసెట్ లోపల పలకమీద నల్లటి తారు బొట్టులాంటిది ఒకటి కనబడుతుంది. అసలైన దాంట్లో కాళ్లున్న చిప్పులుంటాయి, పలకమీద కంపెనీ పేరు అచ్చయి ఉంటుంది. క్యాసెట్ ఆడకపోతే నోటితో ఉఫ్ అని ఊదడం మనందరికీ చిన్ననాటి అలవాటే. అది మానాలి. ఊపిరిలోని తేమకు పిన్నులు చిలుము పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి తుడిస్తే చాలు. ఇక తుపాకీ ఈనాటి పలచని టీవీల మీద పేలదు. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి గడి మెరుస్తుంది. ఆ మెరుపును తుపాకీ గొట్టంలోని కన్ను పట్టుకోవాలి. ఆ లెక్కంతా పాత బొజ్జ టీవీ గీసే వేగాన్ని బట్టి కట్టింది. కొత్త టీవీలో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది. అంతే, బాతు బతికిపోతుంది. కాబట్టి గేముతో పాటు పాత టీవీని కూడా పారేయకండి.

అన్నిటికన్నా ముఖ్యం కరెంటు. జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులు, మనది 230. ఈ చిన్న సంగతి మరిచి, నాకు కారుచౌకగా దొరికిన ఒక అసలైన ఫ్యామికామ్ అడాప్టర్‌ను నేరుగా గోడకు గుచ్చాను. పొగ వచ్చింది. గది వారం రోజులు కంపు కొట్టింది. పెట్టె బతికింది గానీ నా పరువు బతకలేదు.

ఇప్పుడు నన్ను ఈ వ్యాసం రాయించిన సంగతి. పోయిన ఏడాది గోస్పాడులో మా వీధి పెద్దమ్మ ఇల్లు సున్నం కొట్టిస్తూ అటక దింపించింది. పాత బిందెల మధ్య కీబోర్డు లాంటిదొకటి కనబడింది. మీటల మీద ఇంగ్లీషుతో పాటు అరబ్బీ అక్షరాలు. నా గుండె ఆగినంత పనైంది. అది 'సఖర్'. 1983లో జపాన్ కంపెనీలూ మైక్రోసాఫ్ట్ కలిసి ఎంఎస్ఎక్స్ అనే కంప్యూటర్ పద్ధతిని ప్రకటించాయి. కువైటులోని అల్ ఆలమియా సంస్థ దాన్ని అరబ్బీలోకి తెచ్చి 'సఖర్' పేరుతో అమ్మింది. ఆ మాటకు అరబ్బీలో బండరాయి అని అర్థం (ఆళ్లగడ్డ శిల్పులు వింటే సంతోషిస్తారు). క్యాసెట్ గుచ్చితే ఆటలాడుతుంది, లేకపోతే ప్రోగ్రాములు రాసుకోవచ్చు. ఇటువంటిది గల్ఫ్ దాటి బయట కనబడటం అరుదు.

"ఎంత ఇమ్మంటావు పెద్దమ్మా?" అన్నాను, గొంతు మామూలుగా పెట్టి.

"దాంతో నీకేం పని అబ్బీ? పాతసామాన్లాయన రెండు కేజీలు ఉల్లిగడ్డలిస్తానన్యాడు. నువ్వేమిచ్చినా సరే."

మూడు వందలు ఇచ్చాను. ఉల్లిగడ్డల కంటే ఎక్కువే గదా అని నాకు నేనే చెప్పుకొన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సేకరణకారుల్లో ఒక వాదం ఉంది: తెలివి కూడా పెట్టుబడే, తెలిసినవాడు తెలియనివాడి దగ్గర చౌకగా కొంటే తప్పు లేదని. సంతలో కొట్టువానితో బేరమాడేటప్పుడు నేనూ ఆ మాటే అంటాను. అతను వ్యాపారం చేసుకొనేవాడు, నేనూ అంతే. కానీ నాకు మజ్జిగ పోసి కూర్చోబెట్టిన మనిషి దగ్గర ఆ వాదం నిలబడలేదు.

మూడోనాడు వెళ్లి, దాని విలువ నేనిచ్చినదానికి ఎన్నో రెట్లని చెప్పి, ఐదు వేలు ముందు పెట్టాను. ఆమె నోట్ల వైపు చూడలేదు.

"అమ్మిందాన్ని మళ్లా బేరం పెడతామా? ఇది మీ పెదనాయన కువైటు నుంచి మా పెద్దోనికి తెచ్చింది. వాడు దీని ముందు కూసుంటే అన్నం గూడా తినేవాడు కాదు. ఇప్పుడు వాడూ ఆడనే డ్రైవరు. సంక్రాంతికి వస్తాడు. అంతలోపల ఇది ఆడేట్టు చెయ్యి, చాలు."

నంద్యాలలో ఒక పాత టీవీ మెకానిక్కు చూపించాను. కువైటు కరెంటు మన కరెంటు మాదిరే గనుక అడాప్టర్ గొడవ లేదు. ఉబ్బిన కెపాసిటర్లు రెండు మార్చాడు. బొమ్మ వస్తోంది, శబ్దం వస్తోంది. కుడివైపు బాణం మీట మాత్రం ఇంకా పనిచేయడం లేదు. అది లేనిదే ఏ ఆటా ముందుకు నడవదు. సంక్రాంతికి నెలన్నర ఉంది.