తరగతి గదిలో చలనచిత్రము

జిల్లా కేంద్రమునందలి యొక కళాశాలలో అర్థశాస్త్రము బోధించు అధ్యాపకుడొకడు పాలమూరు వలసలను గూర్చి పాఠము చెప్పుచున్నాడనుకొందము. కరవు కాలమున ఊరు విడిచిపోయిన కూలివాని బ్రతుకును లెక్కల పట్టికలు తెలుపజాలవు. దానిని కన్నులకు కట్టించు డాక్యుమెంటరీ చిత్రమొకటి యున్నదనియు, అది దుకాణమున దొరకక, సినిమాహాలులో ఆడక, నెలనెలా చందా పుచ్చుకొని అంతర్జాలము ద్వారా ఇండ్లకు చిత్రములు ప్రసారము చేయు స్ట్రీమింగు సంస్థయొద్ద మాత్రమే లభించుచున్నదనియు అనుకొందము. అధ్యాపకుడు తన యింటి చందాతోనే దానిని తరగతిలో తెరపై వేసెను. అరువదిమంది విద్యార్థులు చూచిరి. ఇపుడాతడు బోధకుడా, నేరస్థుడా? సమాధానము తెలియనిచో భయపడువాడు చిత్రమునే మానుకొనును. భయములేనివాడు దొంగప్రతిని తెచ్చి చూపును. రెండు మార్గములును విద్యకు మేలు చేయవు.

సమాధానము మన శాసనమునందే కలదు. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టములోని 52వ సెక్షను, ఏయే పనులు హక్కుభంగములు కావో పేర్కొనుచున్నది. దాని మొదటి ఉపసెక్షనులోని 'జె' ఖండము ప్రకారము, విద్యాసంస్థ కార్యకలాపములలో భాగముగా చలనచిత్రమును ప్రదర్శించుట హక్కుభంగము కాదు. అయితే ప్రేక్షకులు ఆ సంస్థ సిబ్బందియు, విద్యార్థులును, వారి తల్లిదండ్రులును, సంరక్షకులును, సంస్థ కార్యకలాపములతో సంబంధము గలవారును మాత్రమే యైయుండవలెను. అట్టి ప్రేక్షకులకు చిత్రమును ప్రసారముచేసి యందించుటయు ఇందు చేరియున్నది. అమెరికా దేశపు 1976 నాటి చట్టములోని 110వ సెక్షను కూడ తరగతి గదిలో చిత్రప్రదర్శనమును అనుమతించుచున్నది. కాని సంస్థ లాభాపేక్ష లేనిదై యుండవలెననియు, బోధన ముఖాముఖిగా జరుగవలెననియు, అక్రమముగా తయారైనదని యెరిగిన ప్రతిని వాడరాదనియు నియమములు పెట్టినది. మన చట్టమునందలి మాటలు అంతకంటె విశాలములు.

విశాలమనగా హద్దులు లేవని యర్థము కాదు. వార్షికోత్సవమున పురజనులను పిలిచి చిత్రము వేసినను, టిక్కెట్టు పెట్టి బయటివారిని రానిచ్చినను ఈ రక్షణ తొలగిపోవును. ఇంటర్మీడియేటు విద్యార్థులలో పదునెనిమిదేండ్లు నిండనివారే యధికులు గనుక, పెద్దలకు మాత్రమే యని గుర్తువేసిన చిత్రమును వారికి చూపరాదు. ఇవి సహేతుకములైన హద్దులే.

ఈ సెక్షనునకు వెనుక నున్న న్యాయమును ఢిల్లీ హైకోర్టు వేరొక సందర్భమున విపులీకరించినది. విశ్వవిద్యాలయ పాఠ్యాంశములకై పుస్తకముల నుండి పుటలను జిరాక్సు తీసి కూర్పులుగా అమ్ముచున్న దుకాణముపైనను, ఢిల్లీ విశ్వవిద్యాలయముపైనను ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి మున్నగు ప్రచురణ సంస్థలు 2012లో దావా వేసినవి. 2016 సెప్టెంబరులో ఏకన్యాయమూర్తియు, డిసెంబరులో ధర్మాసనమును ఇచ్చిన తీర్పులు బోధనకు అవసరమైన ప్రతులు తీసికొనుటను సమర్థించినవి. గ్రంథకర్త హక్కు శాసనము కల్పించిన హక్కు. దానికి హద్దును గీయునదియు శాసనమే. ఆ వివాదము పుస్తకములకు సంబంధించినదే యైనను, విద్యార్థి ప్రయోజనమును శాసనకర్తలు బుద్ధిపూర్వకముగా కాపాడిరను భావము చలనచిత్రములకును వర్తించును.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత యిచ్చటనే నిజమగుచున్నది. శాసనమిచ్చిన వరమును చందా షరతులు అడ్డగించుచున్నవి. నెట్‌ఫ్లిక్సు సంస్థ తన సేవ చందాదారుని స్వంత వినియోగమునకు మాత్రమే యనియు, వ్యాపారమునకు వాడరాదనియు, కుటుంబమునకు వెలుపలివారితో పంచుకొనరాదనియు షరతు పెట్టినది. తరగతి గది కుటుంబము కాదు. అధ్యాపకుడు చందా చేరునపుడు చదువకయే సమ్మతించిన ఒడంబడిక, పార్లమెంటు ఇచ్చిన మినహాయింపును చేతికందకుండ చేయుచున్నది.

పూర్వమీ చిక్కు లేకుండెను. చిత్రము డిస్కు రూపమున దొరకిన దినములలో కళాశాల గ్రంథాలయము దానిని వెలయిచ్చి కొని బీరువాలో దాచుకొనెడిది. కొన్న వస్తువు కొన్నవానిది. 52వ సెక్షను దానిని తరగతిలో చూపుటకు చాలెను. నేడు డిస్కులు కనుమరుగగుచున్నవి. స్ట్రీమింగు సంస్థ చిత్రమును అమ్మదు. చూచుటకు తాత్కాలికముగా అనుమతి మాత్రమే యిచ్చును. గృహస్థునకు చందా యున్నది గాని కళాశాలకు లేదు. కాగితముపై హక్కు చెక్కుచెదరకుండగనే, ఆచరణలో అది అడుగంటిపోవుచున్నది. ఇదియే మనము గుర్తింపవలసిన ప్రమాదము.

ఇచ్చట రెండు తప్పులకు గల భేదమును తెలిసికొనవలెను. చందా షరతును మీరుట ఒప్పందభంగము. దానికి ఫలితముగా సంస్థ చందాను రద్దు చేయవచ్చును, నష్టపరిహారమును కోరవచ్చును. అది చౌర్యము కాదు. కాని దొంగప్రతిని దింపుకొనుట వేరు. తెలిసి హక్కుభంగము చేసినవానికి 63వ సెక్షను ఆరు నెలల నుండి మూడేండ్ల వరకు కారాగారమును, ఏబదివేల నుండి రెండు లక్షల రూపాయల వరకు జరిమానాను విధించుచున్నది. హక్కుభంగము చేయు నుద్దేశముతో సాంకేతిక రక్షణలను ఛేదించుటయు, 2012లో చేర్చిన 65ఎ సెక్షను ప్రకారము శిక్షార్హము. చిత్రము తీసినవాడు అప్పుచేసి తీసినవాడు కావచ్చును. అతని కష్టమును దోచి విద్య నేర్పుట విద్యకే కళంకము.

అయినచో ధర్మమార్గమేది? మార్గములు పెక్కు గలవు. దొరకుచున్న డిస్కులను గ్రంథాలయములు ఇప్పుడే కొని భద్రపరుపవచ్చును. నెట్‌ఫ్లిక్సు తన స్వంత డాక్యుమెంటరీలలో కొన్నింటికి, లాభాపేక్ష లేని విద్యాప్రదర్శనమున కొకమారు అనుమతి నిచ్చుచున్నది. ఆ సంగతి చిత్రపు వివరములలోనే వ్రాయబడి యుండును. స్వతంత్రముగా చిత్రములు తీయువారికి ఒక యుత్తరము వ్రాసి, వ్రాతపూర్వకమైన యనుమతిని కోరవచ్చును. ఇక హక్కు ముగిసిన చిత్రములున్నవి. చట్టములోని 26వ సెక్షను ప్రకారము చలనచిత్రముపై హక్కు, విడుదలయిన మరుసటి సంవత్సరారంభము నుండి 60 సంవత్సరములు మాత్రమే. 1938 నాటి 'మాలపిల్ల'కును, 1957 నాటి 'మాయాబజారు'కును ఆ గడువు తీరినది. అస్పృశ్యతను గూర్చి పాఠము చెప్పువానికి గూడవల్లి రామబ్రహ్మముగారి చిత్రము కంటె మంచి తోడు దొరకునా? పాటలకును సంగీతమునకును గడువు వేరు. అది రచయిత మరణానంతరము 60 ఏండ్లుండును. కావున అట్టి చిత్రమును సైతము తరగతి హద్దులు దాటి చూపదలచినపుడు విచారించి చూపుట మేలు. ఏ చిత్రమును, ఏ పాఠమునకు, ఏ తేదీని, ఎచ్చట నుండి తెచ్చి చూపిరో యొక దినచర్య పుస్తకమున వ్రాసియుంచినచో, రేపెవరైన ప్రశ్నించినపుడు అధ్యాపకుని చేతిలో సాక్ష్యముండును.

ఇవియన్నియు తాత్కాలికోపశమనములు. మూలవ్యాధికి మందు పార్లమెంటు చేతిలో నున్నది. 52వ సెక్షను ఇచ్చిన మినహాయింపును ఏ ఒప్పందమును హరింపజాలదను వాక్యమొకటి చట్టమున చేర్చినచో చాలును. ఇది వింతకోరిక కాదు. ఐరోపా సమాఖ్య 2019లో వెలువరించిన కాపీరైటు ఆదేశము, బోధనకై యిచ్చిన మినహాయింపునకు విరుద్ధమైన ఒప్పంద షరతులు చెల్లవని స్పష్టముగా శాసించినది. అదిగాక, 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము 'ఒకే దేశము, ఒకే చందా' యను పథకమును ఆమోదించి, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు శాస్త్రపత్రికలను అందించుటకై 2025 మొదలు మూడేండ్లకు 6000 కోట్ల రూపాయలు కేటాయించినది. శాస్త్రపత్రికలకు సమష్టి చందా సాధ్యమైనపుడు చలనచిత్రములకేల కాదు? అట్టి చందా వలన నిర్మాతకును న్యాయమైన ప్రతిఫలము ముట్టును.

తరగతి గదిలో చిత్రము చూపినచో నిర్మాత నష్టపోవునని వాదించువారున్నారు. టిక్కెట్టు లేని అరువదిమంది ప్రేక్షకుల వలన కలుగు నష్టమెంత? నేడు మంచి చిత్రమును చూచి విమర్శించుట నేర్చిన విద్యార్థియే రేపు వెలయిచ్చి మంచి చిత్రమును చూచువాడు.

మన పాఠకులలో కళాశాలల పాలకవర్గములయందున్నవారు కలరు; భూములను, విరాళములను ఇచ్చి విద్యాసంస్థలను నిలిపిన కుటుంబములవారు కలరు. వారికి మా విన్నపమిది. భవనములకు సున్నము వేయించునపుడు చిత్రములు కొనుటకును కొంత సొమ్ము కేటాయింపుడు. అధ్యాపకుని యింటి చందాపై కళాశాల పాఠము నడచుట కళాశాలకు గౌరవము కాదు. అనుమతికై వ్రాయవలసిన యుత్తరమును అతనిచేత గాక ప్రిన్సిపాలుచేత వ్రాయింపుడు. శాసనము విద్యార్థికిచ్చిన వరమును పూజారి తలుపు కడనే పోగొట్టుకొనక, గర్భగుడి దాక తీసికొనిపోవు బాధ్యత సంస్థలదే.