హాలు నిండింది... గల్లాపెట్టె నిండలేదు!

హాలు నిండితే యజమాని పంట పండినట్టే. సినిమా థియేటరైనా, శనివారం రాత్రి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లతో కిటకిటలాడే మణికొండ బిర్యానీ హోటలైనా అంతే కదా! కానీ ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఓ డాన్సు క్లబ్బు ఉండేది. జనం విరగబడి వచ్చిన రోజుల్లోనూ అది నష్టాల్లోనే నడిచింది. దాని పేరు హసియెండా.

1980 మేలో 'జాయ్ డివిజన్' బృందం గాయకుడు ఇయాన్ కర్టిస్ ఆత్మహత్య చేసుకున్నాడు. మిగిలినవాళ్లు 'న్యూ ఆర్డర్' పేరుతో మళ్లీ పాట అందుకున్నారు. వాళ్లూ, వాళ్ల పాటల్ని విడుదల చేసే 'ఫ్యాక్టరీ రికార్డ్స్' కంపెనీ కలిసి 1982 మే 21న ఈ క్లబ్బు తెరిచారు. పడవలమ్మే పాత షోరూమ్ అది. డిజైనర్ బెన్ కెల్లీ దాని స్తంభాలకు కార్ఖానాల్లో ప్రమాద హెచ్చరికగా వేసే పసుపు, నలుపు చారలు వేయించాడు. మిల్లులు మూతపడుతున్న ఊరికి తగిన అలంకారమే!

మొదట్లో ఈగలు తోలుకోవడమే. లోపల చలి, సౌండ్ అంతంతమాత్రం. అప్పటికింకా అంత పేరు రాని మడోనా 1984 జనవరిలో వచ్చి పాడి వెళ్లింది. ఆ తర్వాత షికాగో నుంచి 'హౌస్' సంగీతం దిగింది. 1986 నుంచి శుక్రవారం రాత్రుల్లో డీజే మైక్ పికరింగ్ ఆ రికార్డులు వేస్తుంటే వీధి పొడవునా క్యూ! 1988 వేసవిలో హాల్లో ఈతకొలను కూడా పెట్టారు.

తిరకాసంతా అక్కడే ఉంది. మన దగ్గర 'రేవ్ పార్టీ' అనగానే ఫామ్‌హౌసూ, పోలీసు జీపూ గుర్తొస్తాయి. అక్కడ రేవ్ అంటే ముందు సంగీతం, వెనకే ఎక్‌స్టసీ మాత్ర. అది మింగినవాళ్లు బీరు జోలికి పోరు. గంటల తరబడి గంతులేసి మంచినీళ్లు అడుగుతారు. క్లబ్బు బతికేదేమో బార్ కౌంటర్ మీద! మాత్రల డబ్బు ముఠాలకు పోతే, లోటు పూడ్చింది న్యూ ఆర్డర్ రికార్డుల రాబడి. ఆ బృందం బేస్ గిటారిస్టు పీటర్ హుక్ 2009లో హసియెండా మీద పుస్తకం రాస్తూ 'క్లబ్బు ఎలా నడపకూడదు' అనే అర్థం వచ్చేలా పేరు పెట్టాడంటే ఊహించుకోవచ్చు.

డబ్బు నష్టం ఒక్కటే అయితే నవ్వుకుని వదిలేయొచ్చు. 1989లో అక్కడ మాత్ర మింగిన పదహారేళ్ల అమ్మాయి చనిపోయింది. పోలీసులు లైసెన్సు మీద పట్టుబట్టారు. గుమ్మం దగ్గర ముఠాలు తుపాకులు చూపించసాగాయి. భయపడి 1991 జనవరిలో యాజమాన్యమే తాళం వేసింది. మేలో మళ్లీ తీసింది కానీ పాత రోజులు రాలేదు. 1992లో ఫ్యాక్టరీ రికార్డ్స్ దివాలా తీసింది. 1997 జూన్‌లో క్లబ్బు మూతపడింది. ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం ఎత్తేసిన ఏడాదే అది. సైబర్ టవర్స్ ప్రారంభానికి ఇంకా ఏడాదికి పైనే ఉంది.

2002లో భవనం కూల్చేసి అపార్ట్‌మెంట్లు కట్టారు. వాటికి పెట్టిన పేరు... హసియెండా! చెరువు పూడ్చి 'లేక్ వ్యూ' అని బోర్డు తగిలించే బిల్డర్లు మనకేం కొత్త కాదు. బతికుండగా పైసా మిగల్చని పేరు ఫ్లాట్లు అమ్మడానికి పనికొచ్చింది. కూల్చడానికి ముందే, 2000లో, సామాన్లు వేలం వేశారు. డాన్స్ ఫ్లోరు చెక్క ముక్కల్నీ అభిమానులు కొనుక్కుపోయారు. ఆ చెక్కతోనే హుక్ తర్వాత బేస్ గిటార్లు చేయించుకున్నాడు.