పావు సెంటు తోట, బిందెల్లో లెక్క

పెరటి తోట అని యూట్యూబ్‌లో కొడితే ఏ వీడియో అయినా విత్తనాలతోనో, గ్రో బ్యాగులతోనో మొదలవుతుంది. మా అర్ధవీడు వైపు అలా మొదలుపెడితే ఏప్రిల్‌కల్లా తోట ఎండిపోతుంది. ఇక్కడ స్థలానికి కరువు లేదు, నీళ్లకే కరువు. పక్కనే కంభంలో గుండ్లకమ్మ మీద విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువు ఉంది. 2020లో దానికి ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. నల్లమల కొండల్లోంచి సొరంగాలు తవ్వి శ్రీశైలం నీళ్లు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు సంగతి మా బ్యాచ్ వాళ్లం పుట్టకముందు నుంచే మొదలైంది. అయినా వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూపులు మామూలే. అందుకే ప్లాన్ కాగితం మీద గీసేముందు ఒక లెక్క తీయాలి. మన ఇంట్లో రోజుకి ఎన్ని బిందెల నీళ్లు వాడి పారబోస్తున్నాం?

లెక్క చాలా సింపుల్. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. కూరగాయల మడి ఎండకీ గాలికీ రోజుకి పోగొట్టుకునే నీళ్లు మన దగ్గర చలికాలంలో సుమారు 4 మిల్లీమీటర్లు, మే నెలలో 7, 8 దాకా ఉంటుంది. అంటే చదరపు మీటరుకి చలికాలంలో 4 లీటర్లు, ఎండాకాలంలో 8. ఐదుగురున్న ఇంట్లో బియ్యం, కూరగాయలు కడిగినవీ, సబ్బు పడకుండా గిన్నెలు తొలిచినవీ కలిపితే మూడు బిందెలు అనుకుందాం, 40 లీటర్ల పైమాటే. వాటితో చలికాలంలో 10 చదరపు మీటర్లు పండించొచ్చు, మేలో 5. ఒక సెంటు అంటే 40 చదరపు మీటర్లు. అంటే మన తోట పావు సెంటు. పెరడు ఐదు సెంట్లున్నా సరే, తోట మాత్రం పావు సెంటే.

ఈ లెక్క ఎందుకు ముఖ్యమంటే, ప్లాన్ గీసేది మనం, సెలవులైపోగానే హాస్టల్‌కి వచ్చేసేదీ మనమే. తర్వాత రోజూ బిందె మోసేది అమ్మ, లేదా అవ్వ. మనం ఉత్సాహంగా నాలుగు సెంట్లు తవ్వి వస్తే ఆ బరువంతా వాళ్ల నడుము మీద పడుతుంది.

అన్ని నీళ్లూ ఒకటి కావు. బియ్యం కడిగినవి ఆకుకూరలకి కూడా పోయొచ్చు. స్నానాల గది నీళ్లు కాస్త కంకర, ఇసుక నింపిన గుంటలోంచి పారించి అరటికీ, బొప్పాయికీ, కరివేపాకుకీ వదలాలి. పచ్చిగా తినే ఆకుల మీద మాత్రం వద్దు. బట్టలుతికిన సర్ఫ్ నీళ్లు అసలు వద్దు, అందులోని సోడియం నేలని బిగిసిపోయేలా చేస్తుంది. ఇంకోటి, మా పశ్చిమ ప్రకాశంలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని చాలా ఇళ్లలో ఆర్వో మెషిన్ పెట్టుకున్నారు. దాని పక్క పైపులోంచి వచ్చే నీళ్లలో ఉప్పులు చిక్కబడి ఉంటాయి. 'వృథా ఎందుకు' అని వాటినే రోజూ మొక్కలకి పోస్తే ఆకుల అంచులు మాడతాయి. ఇల్లు తుడవడానికి వాడుకోవడం మేలు. వాన నీళ్ల సంగతైతే, 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1000 లీటర్లు. ఒక డ్రమ్ము కొనడానికి ఇంట్లో ఒప్పించాలంటే ఈ ఒక్క నంబరు చాలు.

ఇక మడి ఆకారం. వీడియోల్లో కనిపించే ఎత్తు మళ్లు బాగా వానలు పడే చోట్లకి పుట్టిన పద్ధతి, నీళ్లు తొందరగా జారిపోవాలని. మన ఎర్ర గరప నేలలో దానికి రివర్స్‌లో చేయాలి. మడి నేలకంటే జానెడు లోతుగా, చుట్టూ చిన్న కట్టతో ఉండాలి. అమెరికాలో న్యూమెక్సికో ఎడారి అంచున జూని అనే ఆదివాసులు ఇలాగే గళ్లు గళ్లుగా గుంట మళ్లు కట్టుకునేవాళ్లు. నవంబరు తుపాను వానలకి నీళ్లు నిలవకుండా కట్టకి ఒక గండి పెట్టుకుంటే చాలు. తవ్వేటప్పుడే బాగా మాగిన పశువుల ఎరువు, దొరికితే చెరువు మట్టి కలపాలి. పైన వేరుశనగ పొట్టు గానీ ఎండాకు గానీ పరిస్తే తడి నిలుస్తుంది. బీర, సొర పాదుల మధ్యలో మెడ వరకు ఒక మట్టి కుండ పాతి నింపి మూత పెడితే, నేల ఎండినప్పుడే కుండ నీళ్లు ఊరుస్తుంది. సెన్సార్ లేదు, మోటారు లేదు. రెండు వేల ఏళ్ల కిందటి చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి ఉంది. కుండకి లోపల రంగు గానీ పాలిష్ గానీ ఉండకూడదు.

ఎండ ఏ పక్క నుంచి వస్తుందో చూసుకోవాలి. చలికాలం సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి పందిరి ఉత్తరం పక్క, పొట్టి మొక్కలు దక్షిణం పక్క. పడమర మునగ, బొప్పాయి పెడితే మధ్యాహ్నం ఎండని అవి కాస్తాయి.

ఎప్పుడు వేయాలన్నది అవ్వ కార్తెల్లో చెప్తుంది. మృగశిర, ఆరుద్ర వానలకి బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర. టమాటా, వంగ నారు సెప్టెంబరులో పోసి నెలకి పీకి సాయంత్రం పూట నాటాలి. పందిరి చిక్కుడు మాత్రం వానాకాలంలోనే ఎందుకు పెడతారని అడిగితే 'అది సంక్రాంతి కాయ' అంటారు. దాని వెనక సైన్స్ ఉంది. నాటు చిక్కుడు రాత్రి పొడుగుని కొలుస్తుంది. రాత్రులు పొడుగైతేనే పూస్తుంది. జనవరిలో గింజ పెడితే తీగ పందిరంతా పాకుతుంది, కాయ మాత్రం ఉండదు. చామంతి కూడా అదే జాతకం. అందుకే చామంతి కుండీ వీధిలైటు కింద పెట్టకండి. రాత్రి వెలుతురు పడితే దానికి ఇంకా పగలే అనిపించి మొగ్గ ఆలస్యం చేస్తుంది.

బీర, సొర పిందెలు పసుపుబారి రాలిపోతుంటే అందరూ మందు షాపుకి పరిగెత్తుతారు. ముందు పువ్వు చూడాలి. వీటిలో మగపువ్వు, ఆడపువ్వు వేరువేరు, ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. రెండూ సాయంత్రం విచ్చుకుంటాయి. పురుగులు రాకపోతే పుప్పొడి అందదు, పిందె రాలుతుంది. చీకటి పడే వేళ ఒక మగపువ్వు తుంచి ఆడపువ్వుకి అద్దితే సరిపోతుంది. పేనుబంక లాంటి రసం పీల్చే పురుగులకైతే లీటరు నీళ్లకి 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, సాయంత్రం కొట్టాలి.

పూలని 'మిగిలిన చోట' అని వదిలేస్తాం గానీ ఇంట్లో గొడవలన్నీ అక్కడే. నాన్న టమాటా అంటాడు, అమ్మ కనకాంబరం అంటుంది. మధ్యేమార్గం బంతి. దాని వేళ్లలోంచి వచ్చే పదార్థం నేలలో నులిపురుగుల్ని తగ్గిస్తుంది. గట్టు మీద నాలుగు మొక్కలు పెడితే పెద్దగా ఫలితం ఉండదు, టమాటా వేయబోయే మడిలోనే ముందు పంటగా బంతి వేయాలి. జూలై చివర్లో నాటితే దసరాకి పూలు కోసుకుని, మొక్కల్ని అక్కడే నేలలో కలిపేసి టమాటా నాటుకోవచ్చు. గొబ్బెమ్మల కోసం ఇంకో విడత అక్టోబరులో వేరే మడిలో పోయాలి. గుమ్మడి తీగ ఉంటే ఆ పూలూ గొబ్బెమ్మలకే. మగపూలే కోయాలి సుమా, ఆడపూలు కోస్తే కాయ పోయినట్టే.

మార్చి దాటాక సగం మళ్లు ఖాళీగా వదిలేయాల్సిందే, లెక్క ప్రకారం అప్పుడు 5 చదరపు మీటర్లకే నీళ్లున్నాయి. ఆ కాస్తలో తోటకూర, గోంగూర. స్నానాల నీళ్ల మీద మునగ, కరివేపాకు. వాటి పక్కనే మల్లె. డిసెంబరులో మల్లెకి నీళ్లు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తే ఎండలు ముదిరే వేళకి మొగ్గ వేస్తుంది. తోటంతా వాడిపోయి ఉన్న రోజుల్లో సాయంత్రం అమ్మ కోసుకొచ్చేది అదొక్కటే.