సభ నెరిగి నవ్వించుట

వ్రాతప్రతి లేక, పూర్వపు కూర్పు లేక, సభలోనుండి ఎవరో అందించిన మాటను పట్టుకొని అప్పటికప్పుడు రూపకము నల్లి జనులను నవ్వించు విద్య ‘ఇంప్రోవ్’ అను పేర అమెరికాలో ప్రసిద్ధము. షికాగో నగరమున వయోలా స్పోలిన్ అను నాటకశిక్షకురాలు పిల్లలకై కల్పించిన ఆటలను ఆమె కుమారుడు పాల్ సిల్స్ పెద్దల రంగస్థలమునకు తెచ్చి, డేవిడ్ షెపర్డ్‌తో కూడి 1955లో కాంపస్ ప్లేయర్స్ అను బృందమును, పిదప 1959లో మరి యిద్దరు మిత్రులతో సెకండ్ సిటీ అను నాటకశాలను నెలకొల్పెను.

కాంపస్ బృందమున ఆరితేరిన మైక్ నికల్స్, ఎలెయిన్ మే అను జంట 1960లో బ్రాడ్వే రంగస్థల మెక్కినప్పుడు, ప్రేక్షకులను మొదటి వాక్యమును, చివరి వాక్యమును, ఒక రచయిత శైలిని కోరి, ఆ మూడింటికి లోబడి ఆశువుగా ఒక రంగమును నడిపెడివారు. సమస్యాపూరణము నెరిగిన తెలుగువారికి ఇందలి రుచిని వేరుగా చెప్ప నక్కరలేదు. అయితే అవధానమున పృచ్ఛకులు వేదికపై నియతులై కూర్చుందురు. ఇచ్చటనో, చీకటిలోనున్న అపరిచితు లందరును పృచ్ఛకులే.

కావున అడుగుటలోనే సగము విద్య యున్నది. ‘ఒక చోటు చెప్పుడు’ అని యూరక అడిగినచో, గొంతు పెద్దదైన వాడెవడో తన మిత్రులను నవ్వింపగోరి మరుగుదొడ్డి యనును. ‘ఇష్టము లేకున్నను మీరు పోక తప్పని చోటేది?’ అని అడిగినచో, దంతవైద్యుని గది యనియు, న్యాయస్థాన మనియు అనుభవములోని మాటలు వెలువడును. వానిలో దేనికి సభ యంతయు ఒక్కసారిగా ‘అవు’నన్నట్లు నవ్వునో, నేర్పరియైన నటుడు దానినే గ్రహించును.

పిమ్మటి పని చెవిది. నవ్వు పైకెగయుచుండగా మాట కలుపరాదు. అది శిఖరము నంటి దిగుచుండగా తరువాతి మాట నందింపవలెను. మౌనము సైతము ఒక్క తీరుది కాదు. దగ్గులును, కుర్చీల కిరకిరలును వినవచ్చు మౌనము విసుగు. ఆ చప్పుళ్లు కూడ అణగిన మౌనము ఉత్కంఠ. ఈ రెండవదానికి బెదరి చతురోక్తి విసరిన నటుడు, పండనున్న సన్నివేశమును తన చేతులతోనే తుంచివేయును.

లండనులో రాయల్ కోర్టు నాటకశాలయందు పనిచేసి, కెనడాలోని కాల్గరీకి చేరిన కీత్ జాన్‌స్టన్, కుస్తీప్రదర్శనలలో జనము పొందు ఆవేశమును చూచి, నాటకశాలలో అదేల యుండరాదని, రెండు జట్లు పోటీపడు ‘థియేటర్‌స్పోర్ట్స్’ను రూపొందించెను. చమత్కారమునకై పెనుగులాడక తోచిన మాటనే పలుకుడనియు, కథలో ముందు వచ్చి మరుగైన వస్తువును మరల తెండనియు ఆయన బోధించెను. తొలుత కనబడి మరువబడిన గొడుగు చివర తిరిగి వచ్చినప్పుడు సభ ఘొల్లుమనుటకు కారణము గొడుగు కాదు. దాని పుట్టుకకు తాము సాక్షులమను గర్వము.

రంగము తప్పిన రాత్రులును ఉండును. అప్పుడు ముఖము చిట్లించుకొను నటుని జూచి ప్రేక్షకులు ఇబ్బందిపడుదురు. ఓటమి నొప్పుకొని నవ్వువానితో తామును నవ్వుదురు. మాట నిచ్చినది తామే యగుటచే, గెలుపులో వలెనే ఓటమిలోను వారికి భాగము కలదు.