చిన్న తెరచాప పడవ... వేగం ఒక్కటే చూస్తే చాలదు

మస్కట్‌లోని బందర్ అల్ రౌదా మెరీనాలో (మన బందరు పేరులో ఉన్నదీ ఆ మాటే) 25, 30 అడుగుల తెరచాప పడవలు వరుసగా కట్టి ఉంటాయి. రెండు మూడు కుటుంబాలు కలిసి పాతదొకటి కొనుక్కుందామనే మిత్రులు ముందుగా అడిగేది, ‘ఏది వేగంగా పోతుంది?’ అని. నేనైతే, ‘ఎదురుగాలిలో పిల్లలను చీకటి పడేలోగా ఒడ్డుకు చేరుస్తుందా?’ అని అడగమంటాను.

గరిష్ఠ వేగానికి ఓ లెక్క ఉంది. పడవ నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణించాలి. 20 అడుగులైతే గంటకు 6 నాటికల్ మైళ్లు, 25 అయితే 6.7. తేడా స్వల్పమే. పైగా మంచి గాలి ఉంటేనే ఆ వేగం. హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి సభ్యులుగా 2017-18లో ప్రపంచాన్ని చుట్టిన నౌకాదళ మహిళల ‘తారిణి’ 56 అడుగుల పడవ. 21,600 నాటికల్ మైళ్లకు సముద్రంపై 199 రోజులు పట్టింది. సగటు గంటకు నాలుగున్నర మైళ్లే!

మస్కట్ తీరంలో చాలా ఉదయాలు గాలి మందంగా ఉంటుంది. అప్పుడు పొడవు కంటే, బరువుకు తగినంత తెరచాప ఉందా అన్నదే ముఖ్యం. సామాన్లు నింపిన బరువైన పడవ నిలబడిపోతుంది.

అసలు తేడా తిరుగు ప్రయాణంలో తెలుస్తుంది. ఏ తెరచాప పడవా గాలికి నేరుగా ఎదురు వెళ్లలేదు, అటూ ఇటూ వంకరగా సాగాలి. ఇల్లు 10 మైళ్ల దూరంలో ఉంటే, గాలికి 45 డిగ్రీల్లో సాగే పడవ 14 మైళ్లు తిరగాలి. 60 డిగ్రీల్లో మాత్రమే సాగేది 20 మైళ్లు తిరగాలి. గంటకు 4 మైళ్ల చొప్పున మొదటిదానికి మూడున్నర గంటలు, రెండోదానికి ఐదు. పడవ కింద రెక్కలా దిగి ఉండే కీల్ లోతు తక్కువైనా, తెరచాప సాగిపోయినా, అడుగున నాచు పేరుకున్నా ఈ నష్టం తప్పదు.

‘ఇంజిన్ ఉంది కదా’ అంటారు. అది మొరాయించిన రోజు దిక్కు తెరచాపే. అందుకే బేరం కుదిరే ముందు ఇంజిన్ ఆపించి, ఎదురుగాలిలో ఓ గంట నడిపించి చూడండి. రంగు, పరుపులు తర్వాత చూసుకోవచ్చు.